నలభై ఒక్క ఫైళ్ల ఆనందకుమార్

ఆత్మకూరు బస్టాండు ఎదుట, బియ్యం దుకాణం పైఅంతస్తులో వీరరాఘవులు నడిపే చిన్న సాఫ్ట్‌వేర్ కార్యాలయంలో, ఆనందకుమార్ పదవికి ఏ కాగితం మీదా పేరు లేదు. అయినా దానిని అతడు సింహాసనంలాగే అనుభవించాడు. అక్కడ రాసిన యాప్ ఏదైనా ఫోన్లకు చేరాలంటే, ముందు దాని ముక్కలన్నిటినీ వరుసగా కూర్చి ఒక్క పొట్లంగా కట్టే బిల్డ్ స్క్రిప్టు నడవాలి. ఎనిమిది వందల వరుసల ఆ స్క్రిప్టు అతని సొత్తు. ఏ వరుస ఎందుకుందని అడిగినా, "దాన్ని కదిలించబాకండి, మొత్తం పడిపోద్ది" అన్నదే అతని భాష్యం.

యాప్‌లు మూడు. మర్రిపాడు పశువుల టీకాలకొకటి, అనంతసాగరం షేర్ ఆటోలకొకటి, ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే మహిళా సంఘం కేటలాగుకొకటి. మూడింటికీ ఆ స్క్రిప్టే మూడు నకళ్లుగా ఉండేది. ఒకదానిలో దిద్దిన తప్పు తక్కిన రెండింటిలో ఆయురారోగ్యాలతో వర్ధిల్లేది.

కొత్తగా చేరిన నవ్యశ్రీ ఒకనాడు అడిగింది: "మూడింట్లో ఒకే మాదిరి ఉండే ముక్కల్ని విడి ఫైళ్లలో పెట్టి, కావాల్సిన చోట పిలిపించుకుంటే పోలా అన్నా?"

"నిన్నగాక మొన్న వచ్చినావు, నాకే నేర్పిస్తావా మే?"

ఒకసారి చెప్పిన మాటను మళ్లీ చెప్పకుండా, తర్వాతి సూత్రాలకు దానిని అందించే పద్ధతి మన శాస్త్రకారులకు వేల ఏళ్లుగా తెలుసు. ఆనందకుమార్‌కు మాత్రం వీరరాఘవులు నెల్లూరులో ఎవరి నోటో విని వచ్చి ఆజ్ఞాపించిన రోజున తెలిసింది. తెలిసిన మరుక్షణమే అతడు ఆ సిద్ధాంతానికి ఆచార్యుడయ్యాడు. నెల రోజుల్లో ఎనిమిది వందల వరుసలను నలభై ఫైళ్లుగా కోశాడు. ఒక ఫైలు రెండోదాన్ని పిలిచేది, రెండోది మూడోదాన్ని పిలిచేది. కొన్నింటిలో ఉన్న అసలు పని ఒక్క వరుసే.

అతని వంశంలో కొత్త పుస్తకం తెరిస్తే మొదటి వరుసలో దైవనామం రాయడం ఆచారం. మంచి ఆచారమే. స్క్రిప్టులోనూ ఆ వరుస ముందు ఒక గుర్తు పెడితే, యంత్రం దానిని చదవకుండా దాటిపోతుంది. ఆనందకుమార్ దానికి ఒప్పుకోలేదు.

"మెషీన్ దాటేసి పోయే నామం కూడా ఒక నామమేనా? దాని చేత పలికించాల్సిందే!"

అందుకని ప్రతి ఫైలు తెరవగానే "శ్రీ పెంచలస్వామినే నమః" అని తెర మీద పడేలా ఆదేశం రాశాడు. బిల్డ్ నడిచినప్పుడల్లా నలభై నామాలు పడేవి. స్మరణను యంత్రానికి అప్పగించి, తాను టీ తాగుతూ ఫోనులో రీల్స్ చూసేవాడు. పుణ్యం మాత్రం తన పద్దులోనే పడుతున్నదని అతని నమ్మకం.

గురువారం ఉదయం ఉదయగిరి బస్సు దిగి, గరిటెల అట్టపెట్టెతో హనుమాయమ్మ వచ్చింది. ఆ మహిళా సంఘానికి ఆమే పెద్ద. మరునాడు నెల్లూరులో ప్రదర్శన. కొత్త నమూనాలు సంఘం ట్యాబ్‌లోని కేటలాగులో కనిపించకపోతే స్టాలు వేరొకరికి ఇస్తామని నిర్వాహకులు చెప్పారు. నెల్లూరు బస్సుకు నలభై నిమిషాల వ్యవధి ఉంది.

"కొత్త ఫైళ్లతో అయిదు నిమిషాల పని సార్. రాకపోతే బిల్డ్ తీసుకెళ్లి నవ్యకే ఇచ్చేయండి," అని ఆనందకుమార్ వీరరాఘవులు ఎదుట ప్రతిజ్ఞ చేశాడు.

ఆ ముందురోజే నలభై ఒకటో ఫైలు చేర్చాడు. యాప్ వెర్షన్ నంబరు చెప్పడం దాని ఏకైక ధర్మం. అది ఏది పలికితే దానినే ప్రధాన స్క్రిప్టు నంబరుగా స్వీకరిస్తుంది.

బిల్డ్ సగంలో ఆగింది. తెర మీద ఎర్రని అక్షరాలు.

"నెట్ స్లోగా ఉండాది," అన్నాడు ఆనందకుమార్. మళ్లీ నడిపాడు, మళ్లీ ఆగింది. కంప్యూటరు ఆపి వెలిగించాడు. ఎర్రదనం తగ్గలేదు.

నవ్యశ్రీ అతని భుజం మీదుగా చదివింది. "వెర్షన్ నంబరు కాడ సామి పేరొచ్చి కూర్చునిందన్నా. అసలు నంబరు రెండు పాయింట్ నాలుగు దాని కింద ఉండాది. ఆ నామం ముందర ఒక గుర్తు పెట్టు, చాలు."

"సామి నోరు మూయించమంటావా? ఏం మాటలు మే అవి!"

"అయితే వెర్షన్ ఎంతని ఆయన్నే అడుక్కో."

అతడు పంతానికి పోయాడు. నామం చేర్చిన చేత్తోనే, నంబరులోంచి ఆ నామాన్ని ఏరివేయడానికి నలభై రెండో ఫైలు రాయసాగాడు. ఇరవై నిమిషాలు చెమటోడ్చి, వెర్షన్ నంబరు ఇకపై ఈ ఫైలే చెప్పేలా అమర్చి నడిపాడు. మళ్లీ అదే ఎరుపు. ఏరివేత ఫైలు మొదటి వరుసలోనూ, అలవాటు కొద్దీ, నామాన్ని పలికించే ఆదేశం రాసి ఉంది.

వీరరాఘవులు గోడ గడియారం వైపు చూశాడు. హనుమాయమ్మ పెట్టె మీద చేయి వేసుకుని అడిగింది: "నాయనా, మెషీన్ చేత ఇన్నిసార్లు పలికిస్తివే, ఈ పొద్దు నువ్వు ఒక్కసారన్నా పలికినావా?"

ఆనందకుమార్ లేచి కుర్చీ వదిలాడు.

నవ్యశ్రీ కూర్చున్నది. నలభై రెండో ఫైలును తీసేసి, నంబరు మళ్లీ పాత ఫైలే చెప్పేలా మార్చి, నలభై ఒకటో ఫైలులో నామం ముందు గుర్తు పెట్టి నడిపింది. నాలుగు నిమిషాల్లో పొట్లం తయారైంది. కొత్త గరిటెలు, అట్లకాడలు ట్యాబ్‌లో వరుసగా కనిపించాయి. హనుమాయమ్మ మెట్లు దిగేసరికి డ్రైవరు బస్సు స్టార్టు చేశాడు. అట్టపెట్టె ముందు ఎక్కింది, వెనుక ఆమె.

"నీ మాట ప్రకారమే అబ్బయ్యా, బిల్డ్ ఇంక నవ్యదే," అన్నాడు వీరరాఘవులు.

వారం తిరిగేసరికి నలభై ఒక్క ఫైళ్లు నవ్యశ్రీ చేతిలో ఆరయ్యాయి. ఏ ఫైలు ఏం చేస్తుందో, ఏం పలుకుతుందో వివరం రాసే పని ఆనందకుమార్‌కు వచ్చింది. మొదటి ఫైలుకు అతడు రెండు పేజీల పీఠిక రాసి తెచ్చాడు. నవ్యశ్రీ దానిని తిరిగి ఇచ్చి, "ఒక్క వరుస చాలన్నా," అన్నది. అతడు పీఠికను మడిచి జేబులో పెట్టుకుని, తన చేత్తోనే రాశాడు: ఈ ఫైలు ఏమీ పలకదు.