పిండి గిర్నీలో హైడ్రోజన్

ఖమ్మంలోని ఒక పాలిటెక్నిక్ కాలేజీలో నేను ల్యాబ్ చూసుకుంటాను. నీళ్లలోకి కరెంటు పంపి హైడ్రోజన్ తీసి, దాన్ని గాలితో పాటు ఇంజనుకు అందిస్తే డీజిల్ తక్కువ పడుతుందన్న నమ్మకంతో ఒక చిన్న కిట్ తయారు చేశాను. భద్రాచలం దాటాక, అడవి అంచున ఒక కోయ గూడెంలో పిండి గిర్నీ నడిపే అక్క ఒప్పుకోవడంతో ఆమె ఇంజనుకు బిగించాను.

మూడో రోజు పొద్దున వెళ్లేసరికి రేకుల షెడ్డు నిండా ఆడవాళ్లు, జొన్నల గంపలు. గోడల మీదా, అక్క కనురెప్పల మీదా పిండి. కిట్ నుంచి వచ్చే గ్యాస్ ఒక నీళ్ల సీసా గుండా ఇంజనులోకి పోవాలి. ఆ సీసాలో బుడగలు లేవు. కిట్ మాత్రం వెచ్చగా పనిచేస్తూనే ఉంది. అంటే గ్యాస్ పుడుతోంది, ఇంజనుకు చేరడం లేదు. తలెత్తి రేకుల వైపు చూశాను. హైడ్రోజన్ పైకే పోతుంది. దానికి తోడు గాలినిండా పిండి. ఒక్క నిప్పురవ్వ చాలు.

"అక్కా, అందర్నీ బయటికి పంపు, జల్దీ! ఏ స్విచ్చీ ముట్టొద్దు."

"ఏంది సారూ, ఏమైంది?"

"గ్యాస్ లీకైతాంది."

ఆమె మరో మాట అడగలేదు. కోయ భాషలో గట్టిగా ఒక్క కేక వేసింది. గంపలు వదిలేసి అందరూ పరుగెత్తారు. వెనక గోడ అవతల చూరు కింద బ్యాటరీ ఉంది. నేను అక్కడికి పోయి కిట్ తీగ పీకేశాను. అంతలో లోపల ఇంజను ఆగింది. ఇంకా ఎవరో లోపలే ఉన్నారు.

అక్కే. డీజిల్ కట్టేసి, రెండు తలుపులూ బార్లా తెరిచి బయటికి వచ్చింది.

"నిన్ను గూడ పొమ్మన్న గదా!"

"గింజ లేక గిర్నీ రాళ్లు ఉత్తగ తిరిగితే నిప్పు లేస్తది సారూ. నీకెర్కలేదా?"

నాకు తెలియదు.

దూరంగా ఇప్పచెట్టు దగ్గర నిలబడ్డాం. "పేలుతదా?" అని ఒక ముసలామె అడిగింది. "ఏమో అవ్వా" అన్నాను. వాసన లేని గ్యాస్, పోయిందో లేదో తెలిసే దారి లేదు. గాలికి రేకులు టకటకమన్నప్పుడల్లా అందరం ఒక అడుగు వెనక్కి వేసేవాళ్లం.

చాలాసేపటికి ఒక్కణ్నే లోపలికి వెళ్లాను. సైలెన్సర్ వేడికి ప్లాస్టిక్ పైపు మెత్తబడి గోరంత చీలింది. దగ్గరి దారి అని దాన్ని అటుగా వేసింది నేనే. ఆ మాటే అక్కకు చెప్పాను.

"ముందు మీ కాడ పెట్టి చూసినవా సారూ?"

"కాలేజీల చూసిన అక్కా."

"ఆడ గిట్ల పిండి లేస్తదా?"

కిట్ విప్పి సంచిలో వేసుకున్నాను. ఆమె ఇంజను తిప్పింది. బయటివాళ్లు కాసేపు జంకి, తర్వాత ఒక్కొక్కరే గంపల దగ్గరికి వచ్చారు.

ఇప్పుడు ఆ కిట్ కాలేజీ వెనక ఆరుబయట, ఇనుప పైపుతో నడుస్తోంది. రిపోర్టు మొదటి పేజీలోనే ఆ చీలిక సంగతి రాశాను. దాన్ని చివరికి జరపమని మా పైఅధికారి రెండుసార్లు అన్నారు. నేను జరపలేదు.