సెలవుకు కొదవ లేదన్న రోజు

మా పాపకు రెండో ఏట పోలియో వచ్చి కుడికాలు చచ్చుబడింది. నాలుగేళ్లప్పుడు దాన్ని చంకనేసుకుని తిరుత్తణిలో రైలెక్కి తిరువళ్లూరు పోయినాను. కాళ్లకు వ్యాయామం చేయించే తమిళామె ఒకామె అక్కడ ఉండేది. పాప మడమ వంచి చూసి, తెలుగులోనే, "నరం బిగుసుకుపోతా ఉంది. వదిలేస్తే మడమ జన్మలో నేలకు ఆనదు. వారానికి మూడుసార్లు, ఏళ్ల తరబడి రావాల" అనింది. ఆ తరవాత తమిళంలో, "సెలవు నిరయ ఆగుం, పరవాయిల్లయా?" అని అడిగింది.

నేను పుత్తూరు పక్కనుంచి తిరుత్తణికి కాపురానికి వచ్చినదాన్ని. నా తమిళం వంకాయలు బేరమాడే మటుకే. సెలవు చానా అవుతుంది, ఫరవాలేదా అని ఆమె అడిగితే, సెలవంటే లీవనుకున్నాను, వాళ్లకేమో ఖర్చు! మా ఆయన బియ్యం మిల్లులో కూలీ. వడ్లు రాని నాలుగు నెలలూ మిల్లు మూతే, కూలీ సున్న.

"సెలవుకేం కొదవ మేడం, మా ఇంట్లో కావలసినంత ఉండాది!" అన్నాను, జమీందారు కోడలి మాదిరి.

ఆమె వెంటనే ఇనప కడ్డీల బూటుకు కూడా కొలతలు తీసుకునింది. బిల్లు నా చేతికిచ్చింది.

"ఇదేంది మేడం, ఇంత డబ్బా?"

"సెలవుకు కొదవ లేదంటివే?"

"లీవు మేడం, లీవు! ఆయన ఇంట్లో ఖాళీగానే ఉండాడు!"

కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. తరవాత కూలీ ఎంతని అడిగింది. చెప్పినాక నవ్వలేదు. బూటు మాట పక్కనబెట్టి, నా అరచేతిని పాప మడమ కింద పెట్టింది. "ఇట్ల పట్టి వంచి, ముప్పై లెక్కపెట్టు. రోజూ మూడుపూటలా. నెలకోసారి తెచ్చి చూపించు, చాలు."

ముప్పై అయ్యేదాకా పాప ఊరుకుంటుందా? అందుకని కోతలు కోసేదాన్ని. దారిలో కడంబత్తూరు స్టేషన్లో ఒక ఎద్దు టికెట్టు కొని రైలెక్కింది, కిటికీ పక్కన సీటు కావాలని పేచీ పెట్టింది అని.

"ఎద్దు డబ్బులు యాడ పెట్టుకునిందిమా?"

"కొమ్ముకు మూటగట్టుకునింది."

"మూట జారిపోదా?"

దానికి జవాబు వెతికేలోగా నేనే లెక్క మరిచిపోయి, నలభై దాకా పట్టుకునేదాన్ని.

ఏడాదికి మడమ నేలకు దిగింది. పూర్తిగా కాదు, ఇంకా వేలు దూరేంత సందుంది. ఆమె పాత కొలతల కాగితం చించేసి కొత్తవి తీసుకునింది. మిల్లు తెరిచినాక రెండు విడతలుగా డబ్బు కట్టి బూటు తెచ్చుకున్నాం. పాప పెరిగేకొద్దీ దాన్ని మార్చాలని అప్పుడే చెప్పి పంపింది.