మైకు లేని రికార్డింగు

“ఏందయ్యా, అన్నం సల్లగైతుంది. లేస్తవా, లేవవా?” అన్నాను నేను.

“ఆఖరి చరణం ఒక్కటే ఉందే శాంతా. ఐనంక నేనే పిలుస్త” అన్నాడు ఆయన.

“పిలువు పిలువు. గా మిషన్ సప్పుడుల నాకు ఇనవడితే గద!”

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. ముందు ఇవి రాయమన్నాను మా చెల్లెలి బిడ్డ కరుణను. నేను చెబుతుంటే రాస్తున్నది తనే. నాకు సంతకం పెట్టడం వచ్చు, పాటల పుస్తకంలో నంబరు చూసి పేజీ తీయడం వచ్చు. అంతకు మించి రాదు.

దయ్యం పట్టిందనీ గాలి సోకిందనీ ఎవరైనా అంటే నవ్వేదాన్ని. మాది ఖానాపూర్ దగ్గర పల్లె. సమాధుల తోటకు ఆనుకొని ఉన్న చేనులో ఒక్కదాన్నే పొద్దుగూకేదాకా కలుపు తీసేదాన్ని. ఒక్కనాడూ భయపడలేదు. చనిపోయినవాళ్ళు నిద్రలో ఉంటారు, దేవుని పిలుపు వచ్చేదాకా లేవరు అని మా పాస్టరయ్య చెబుతారు. నేను అదే నమ్మాను. ఇప్పుడూ అదే నమ్ముతున్నాను. అందుకే ఈ సంగతి ఇన్ని రోజులు కడుపులోనే పెట్టుకున్నాను.

మా ఆయన పేరు ప్రభుదాసు. కొంచెం చేను ఉంది. మక్క, పసుపు వేసేవాడు. ఆదివారం చర్చిలో గిటారు వాయించేవాడు. నేను బీడీలు చుడతాను. మాకు పిల్లలు లేరు.

గిటారు చప్పుడును పెంచే పెద్ద డబ్బా ఒకటి ఉండేది. యాంప్ అంటారు దాన్ని. చేన్లలో మోటార్లన్నీ నడిచే కాలంలో కరెంటు ఎక్కువా తక్కువా అయి అది కాలిపోయింది. ఇల్లంతా పొగ. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు.

కరుణ నిర్మల్‌లో ఒక ఫోటో స్టూడియోలో పని చేస్తుంది. పెళ్ళి వీడియోలకు పాటలు కలపడం తన పని. తన పాత ల్యాప్‌టాప్ తెచ్చి ఆయనకు ఇచ్చింది. “పెద్దబాపూ, ఫికర్ జెయ్యకు. డబ్బాతోటి పనే లేదు. అన్ని డబ్బాలు గీండ్లనే ఉన్నయ్” అంది.

గిటారు నుంచి ఒక వైరు అరచేయంత పెట్టెలోకి, అందులోంచి ఇంకో వైరు ల్యాప్‌టాప్‌లోకి పోతాయి. తెర మీద పాతకాలపు డబ్బాల బొమ్మలు, వాటికి గుండ్రటి బటన్లు. మౌసుతో తిప్పితే చప్పుడు మారుతుంది. ఒక బొమ్మ పెడితే చిన్న గదిలో వాయించినట్టు, ఇంకో బొమ్మ పెడితే పెద్ద చర్చిలో వాయించినట్టు ఉంటుందట.

అట అని ఎందుకంటున్నానంటే నేను వినలేదు కాబట్టి. ఆ వైభవమంతా చెవులకు పెట్టుకునే డిప్పల్లోనే. బయట ఉన్న నాకు వినపడేది ఉత్త తీగల చప్పుడే. గోడ మీద బల్లి పలికినట్టు టిక్కు టిక్కుమని.

“బొమ్మ డబ్బాను జూసి మురుస్తున్నవు. అన్నం బొమ్మను జూస్తె కడుపు నిండుతదా?” అని ఏడిపించేదాన్ని.

“జర నువ్వు సుత పెట్టుకో, అప్పుడు ఎరుకైతది.”

“నా చేతులకు పొగాకున్నది. తర్వాత జూద్దాం.”

నా చేతులకు పొగాకు లేని పొద్దు ఎప్పుడుంది కనుక.

ఆ డిప్పలు పెట్టుకున్నాక తన గొంతు తనకే తెలిసేది కాదు. చాయ్ కావాలంటే వాడకంతా వినపడేటట్టు అరిచేవాడు. పక్కింటి లచ్చవ్వ నవ్వేది, “ఏం పిల్లా, నీ మొగనికి చెవుడు గిట్ల వచ్చిందా?” అని. నాకు సిగ్గేసింది. “గంతగనం ఒర్లకు. కట్టె మీద కొట్టు, నేనే వస్త” అన్నాను.

అప్పటి నుంచి గిటారు కట్టె మీద వేలితో రెండుసార్లు కొట్టేవాడు. మొదటిసారి పెళ్ళి ఉంగరం తగిలి టక్కుమనేది. రెండోది మెల్లగా, ఉంగరం తగలకుండా. ఎందుకో ఎప్పుడూ అంతే. అది వినపడగానే చేతిలో బీడీ ఆకు చేతిలోనే ఉండగా లేచేదాన్ని. ఆలోచించి లేచింది కాదు, అలవాటు.

ఆ రోజు పొద్దున ఆయన కోత పండుగ పాటకు గిటారు రికార్డు చేస్తున్నాడు. చర్చిలో ఆడవాళ్ళం పాడాల్సిన పాట. ఆఖరి చరణం దగ్గర చెయ్యి కుదరడం లేదు. మళ్ళీ మళ్ళీ వాయిస్తున్నాడు. ఇంటి ముందు లచ్చవ్వ వాళ్ళ మక్క కంకుల గింజలు ఒలిచే మిషను నడుస్తోంది. నేను అన్నం వండి, ఆయనను లేవమని అడిగి, పైన రాయించిన మాటలు అని, వెనక వరండాలో బీడీల చాట ముందు కూర్చున్నాను.

మిషను ఆగాక లేచాను. ఇంట్లో టిక్కు టిక్కు కూడా లేదు. వెళ్ళి చూస్తే తల గోడకు ఆనించి కూర్చున్నాడు. గిటారు ఒడిలోనే ఉంది. డిప్పలు చెవులకే ఉన్నాయి.

నా కేక విని మిషను దగ్గరి మగవాళ్ళు వచ్చి ఎత్తారు. గిటారు వైరు ఆయన కాలికి చుట్టుకుంటే నేనే గిటారులోంచి దాన్ని పీకేశాను. గిటారును మంచం మీద పెట్టాను. తలుపుకు తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకొని ఆటో ఎక్కాను. ఖానాపూర్ ఆసుపత్రిలో డాక్టరమ్మ చెయ్యి పట్టి చూసి, ప్రాణం ఇంటి దగ్గరే పోయిందమ్మా అంది. ఆయన ఉంగరం తీసి నా చేతికిచ్చారు. కొంగుకు ముడి వేసుకున్నాను.

సాయంత్రం తాళం తీశాం. ఆయనను పడుకోబెట్టడానికి గది సర్దుతూ కరుణ ల్యాప్‌టాప్ చూసింది. రికార్డింగు అప్పటికీ నడుస్తూనే ఉందట. ఆపి, అట్లాగే దాచి, మూత వేసింది. అప్పుడు దాని గురించి ఎవరు ఆలోచిస్తారు?

ఆ తర్వాత నాకు ఒకటే రంది పట్టుకుంది. ఆయన కట్టె మీద కొట్టాడా? ఆ మిషను చప్పుడులో నేను వినలేదా? పిలిచి పిలిచి ఎదురుచూసి పోయాడా? నొప్పి కూడా తెలిసి ఉండదు అని వచ్చినవాళ్ళంతా చెప్పారు. వాళ్ళకేం తెలుసు, నాకే తెలియనిది. అన్నం ముందు కూర్చుంటే ఇదే. చాట ముందు కూర్చున్నా ఇదే.

పోయినవాళ్ళ కోసం చర్చివాళ్ళు పెట్టే ఆదరణ కూడిక అయిపోయి చుట్టాలు వెళ్ళాక కరుణను అడిగాను. ఆ రోజుది తీయమని, నన్ను పిలిచిండేమో చూడమని.

“పెద్దమ్మా, దీంట్ల మాటలు రావు. మైకే లేదు. గిటారుల ఏం మోగితె గదే వైరుల నుంచి వస్తది” అంది.

“మరి కట్టె మీద కొడితే?”

ల్యాప్‌టాప్ మూత తీసింది. “గది వస్తది పెద్దమ్మా” అంది మెల్లగా.

చేతులు కడుక్కొని వచ్చి కూర్చున్నాను. ఆయన డిప్పలు నా చెవులకు పెట్టింది.

ఎట్లా చెప్పాలి. ఆ టిక్కు టిక్కు లోపల ఇంత ఉందని నాకు తెలియదు. పెద్ద గోడల మధ్య, ఎత్తైన కప్పు కింద, ఒక్కొక్క తీగ మోగి, ఎక్కడో తగిలి తిరిగి వస్తోంది. మా రేకుల గదిలో కూర్చొని ఆయన రోజూ ఇంత పెద్ద చోటికి పోయి వచ్చేవాడా? నేను గోడకు ఇవతల ఆకు కత్తిరిస్తూ కూర్చున్నానే. ఏడుపు ఆగలేదు. కరుణ ఆపబోతే వద్దన్నాను.

ఆఖరి చరణం సగం దాకా వచ్చింది. తీగలన్నీ ఒక్కసారిగా మోగాయి, చెయ్యి వాటి మీద పడ్డట్టు. ఆ మోత సన్నగా, సన్నగా అయి పోయింది. కట్టె చప్పుడు లేదు. కరుణ డబ్బా బొమ్మ తీసేసి ఉత్త తీగల చప్పుడే పెట్టి మళ్ళీ వినిపించింది. లేదు. ఆయన పిలవలేదు. పిలిచాడు, నేను వినలేదు అనేది లేదు. అన్ని రోజుల తర్వాత అప్పుడు నాకు ఊపిరి ఆడింది.

ఆ తర్వాత ఢామ్మని ఒక చప్పుడు. “నువ్వు వైరు పీకినప్పటిది గిది” అంది కరుణ. అక్కడి నుంచి తెర మీద చప్పుడును చూపే గీత నున్నగా, నీళ్ళ మీద గీసినట్టు. కరుణ మూసెయ్యబోయింది. ఎందుకో ఇంకాసేపు ఉండనియ్యమన్నాను. తను గీతను ముందుకు జరుపుతూ పోయింది. చాలా దూరం పోయాక ఆగింది.

“గిదేంది?”

నున్నటి గీత మీద ఒక పెద్ద ముల్లు, పక్కనే ఒక చిన్న ముల్లు.

వినిపించింది. టక్. తర్వాత మెల్లగా ఇంకొకటి.

నేను లేచి నిలబడ్డాను. డిప్పలు జారి మెడలో పడ్డాయి. లేచానే కానీ, ఏ గదిలోకి పోవాలో తెలియలేదు.

కరుణ చదువుకున్నది, ఊరికే నమ్మే పిల్ల కాదు. తనూ విని, అన్నీ చేసి చూసింది. వైరు కొసను వేలితో ముట్టుకుంది, గుర్రుమంది. నేల మీద పడేసింది, గరగరమంది. వైరు పెట్టకుండా గిటారు కట్టె మీద కొట్టింది, గీత కదలనే లేదు. వైరు పెట్టి, ఉంగరం వేలికి పెట్టుకొని కొడితే మాత్రం అదే ముల్లు వచ్చింది. ఆ రోజు వైరు గిటారుకు లేదు. ఇంటికి తాళం ఉంది. తాళంచెవి నా నడుముకు ఉంది. ఆ చప్పుడు వచ్చే పొద్దుకు ఉంగరం ఇంకా ఆయన వేలికే ఉందో, నా కొంగులో ఉందో నేను చెప్పలేను.

కోత పండుగకు ఆయన రికార్డింగు పెట్టుకొని ఆ పాటే పాడాం. గిటారు సగంలో ఆగిపోయింది. మిగిలిన చరణం ఉత్త గొంతులతోనే పాడాం. చర్చి కోసం తీసినదాంట్లో గిటారు ఆగాక ఉన్నదంతా కోసెయ్యమన్నాను. నా దగ్గర ఉండేదాన్ని మాత్రం అట్లాగే ఉంచమన్నాను.

పాస్టరయ్యకు ఇంకా చెప్పలేదు. అడిగితే ఆయన దగ్గర జవాబు ఉంటుందో లేదో. బీడీలు చుడుతూ ఒక్కోసారి చెయ్యి ఆపి వింటాను. ఏమీ వినపడదు.

“అయిపోయింది బిడ్డా. ఏం రాసినవో జర మొదటికెల్లి సదువు. నా మాటలు జల్ది సదివినా మంచిదే. ఆయన మాట మెల్లగ సదువు.”