రత్నమ్మత్త జవాబులు

పెన్సిలు చెక్కిన వాసన తగిలితే చాలు, నేనక్కడ కూర్చోలేను. మొన్న హోసూరులో మా అమ్మాయి హోంవర్కుకు కూర్చుని పెన్సిలు చెక్కుతుంటే లేచి బయటికి వెళ్లిపోయాను. తమిళనాడు సరిహద్దులోని మా ఊరు బేరిగైలో పక్కింటి రత్నమ్మత్త కత్తిపీట మీద పెన్సిలు చెక్కేది. నాకు తెలుగు చదవడం నేర్పింది ఆమే. ఇంట్లో నోటినిండా తెలుగు మాట్లాడేవాళ్లమే గాని, బడిలో అంతా తమిళం కావడంతో తెలుగు అక్షరం ముక్క వచ్చేది కాదు.

ఆమె నెలనెలా ఒక తెలుగు పత్రిక తెప్పించుకునేది. అందులో ఒక పేజీ గూఢలిపి. అక్షరాలకు బదులు చేప, గొడుగు, చెంబు, తేలు, ఇలా బొమ్మలు. ఏ బొమ్మ ఏ అక్షరమో కనిపెట్టి, దాగిన వాక్యాన్ని కార్డు మీద రాసి పంపాలి. సరిగ్గా రాసిన అందరి పేర్లూ తర్వాతి సంచికలో వేసేవారు.

"బొమ్మల్ని చూసి బెదరొద్దు పాపా. మాట కొసన మాటిమాటికీ వచ్చేది యాడుందో చూడు. అది 'డు' అన్నా అయ్యుంటుంది, 'ము' అన్నా అయ్యుంటుంది. ఆడ పట్టుకుంటే మిగతావి అవే వస్తాయి" అనేది. నిజంగానే వచ్చేవి! పొయ్యి మీద సంగటి అడుగంటినా మేము లేచేవాళ్లం కాదు.

ఊళ్లో పోస్టు డబ్బాలో వేస్తే గడువు దాటిపోతుందని, రోజూ టమాటాలతో హోసూరు మార్కెట్టుకు పోయే భర్త మునిరాజు మామ చేతికి ఆ కార్డు ఇచ్చేది. కొత్త పత్రిక రాగానే ముందు పేర్ల పేజీ తీసేది. గుంటూరు, నెల్లూరు, వరంగల్లు, అనంతపురం. వేలు కిందిదాకా పోయి ఆగేది. బేరిగై ఉండేది కాదు. పక్కనే అచ్చయిన జవాబు చూస్తే అక్షరం పొల్లుపోకుండా ఆమె రాసిందే.

"అంతా సరిగ్గానే రాసినావు కదత్తా, మరి పేరేది?"

"హోసూరు ముద్ర చూస్తానే పక్కన పారేస్తారు పాపా. ఆ పక్కోళ్లకు మనం తెలుగోళ్లం కాదు, ఈ పక్కోళ్లకు తమిళోళ్లం కాదు. మనమెవరికి కావాల?"

అయినా మళ్లీ పెన్సిలు చెక్కేది. చివరికి ఒకసారి, మా ఇద్దరినీ ఏడిపించి వదిలిన లిపిని విప్పాక, "ఈ తూరి పేరు పడకపోతే ఇంక దాన్ని ముట్టను" అంది. పడలేదు. ఆమె మహా మొండిది, అన్నంత పనీ చేసింది.

కృష్ణగిరిలో కాలేజీ చదివే రోజుల్లో తెలుగులో ఒక కథ రాసి ఆమెకు చదివి వినిపించాను. కళ్లు తుడుచుకుంది. "శానా బాగుంది పాపా. పంపొద్దు. నేను పడిన బాధ నువ్వు పడొద్దు" అంది. ప్రేమతోనే అంది. నేను పంపలేదు. ఆ తర్వాత రాసినవీ పంపలేదు.

నిరుడు అత్త పోయింది. దినాలనాడు మామ పక్కన భోజనానికి కూర్చుని, "ఒక్కసారైనా అత్త పేరు పత్రికలో పడుంటే ఎంత బాగుండేది మామా" అన్నాను. ఆయన నవ్వాడు.

"యాడ పడుతుందమ్మా? పంపితే కదా పడేది! మార్కెట్టు కాడ టీ అంగడి పొయ్యిలో వేసేస్తా ఉండినాను."

"ఎందుకు మామా?"

"పెండ్లాం పేరు పుస్తకంలో పడితే మండీలో నన్నేమంటారు? రత్నమ్మ మొగుడొచ్చినాడంటారు. మొగోడికి అదేమన్నా మర్యాదనా? చారు పోయించుకోమ్మా, చల్లారిపోతుంది."

ఆ ముసలాయన చెంప పగలగొట్టాలనిపించింది. చుట్టూ బంధువులు. అన్నం సగంలో వదిలేసి లేచాను.

ఎన్నేళ్లు తిట్టుకున్నాం ఆ పత్రిక వాళ్లను! పాపం, మా కార్డు వాళ్ల కంటపడనే లేదు. తెలుగోళ్లకు తాను అక్కరలేదన్న నమ్మకంతోనే అత్త కన్నుమూసింది. నాకు నిజం తెలిసింది, ఏం లాభం? ఇప్పటికీ కథ ముగించి కవరు మీద పత్రిక చిరునామా రాయబోతే చెయ్యి ఆగిపోతుంది. ఎవరూ ఆపడం లేదని తెలిసీ ఆగిపోతుంది.