సర్వస్వామ్య సంకలితము

2014 ఆగస్టులో నన్ను మిల్లు నుంచి మేధోహక్కుల విభాగానికి మార్చారు. హోదా డిప్యూటీ జనరల్ మేనేజరు. విభాగం అంటే ఒక గది, ఒక గుమస్తా, శీతాకాలంలో మాత్రమే చల్లగా ఉండే ఏసీ. మొదట నందిని గనుల్లోనూ, తరవాత భిలాయిలో వేడి ఇనుము ముందూ మొత్తం ఇరవై ఏడేళ్ళు నిలబడ్డవాణ్ణి కాగితాల ముందు కూర్చోబెట్టడం శిక్షా, గౌరవమా అని తోటివాళ్ళు అడిగారు. ఉత్తర్వులో ఆ రెండు మాటలూ లేవు. అందువల్ల నేను ఆలోచించలేదు.

ఉక్కు కర్మాగారానికి ఇలాంటి విభాగం ఎందుకని చాలామందికి అనుమానం. మా పని మూడు రకాలు. కార్మికుడెవరైనా కొత్త పనిముట్టు కనిపెడితే పేటెంటుకు దరఖాస్తు పెట్టడం మొదటిది. కర్మాగారం డ్రాయింగులు ఇంటర్నెట్‌లో కనబడితే నోటీసు పంపి తీయించడం రెండోది. మనవాళ్ళు ఇతరుల పుస్తకాలనూ, సాంకేతిక ప్రమాణాల పత్రాలనూ దొంగ కాపీలు తీసి పంచుకోకుండా చూడటం మూడోది. ఈ మూడోదే కష్టం. వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్‌కి యజమాని ఉంటాడని చెబితే, వానకి యజమాని ఉంటాడన్నట్టు చూసేవారు. శిక్షణ తరగతిలో ఒక ఇంజినీరు లేచి, తప్పక పాటించమనే ప్రమాణాలను ఉచితంగా చదవనివ్వకపోవడం ఏం న్యాయమని వాదించాడు. వాదనలో బలం ఉంది. అయినా నియమావళి మీద సంతకం పెట్టించుకునే పంపాను.

నన్ను వెనకాల రాజాసాబ్ అనేవారు. కొందరు ఎదుటే అనేవారు. మాది విజయనగరం వైపు చిన్న ఎస్టేటు. జమీందారీ రద్దు చట్టంలో పోయింది పోగా మిగిలింది దాయాదుల వ్యాజ్యాల్లో పోయింది. ఈ సంగతి ఇక్కడ చెప్పడం అవసరం కాబట్టి చెబుతున్నాను. మా కుటుంబానికి చివరికి మిగిలినది తాతగారు రాసి అచ్చువేయించిన ఒక పుస్తకం. పేరు ‘ద్వాదశమాస వ్యంజనములు’. ఏ నెలలో ఏ పచ్చడి ఎలా పెట్టాలన్నది విషయం. మా ఇంట్లో దాని కాపీ ఒక్కటీ లేదు, ఉన్నవి చెదలు తినేశాయి. అయితే దాని మీద హక్కు మాది.

2018 మార్చి మొదటి వారంలో మా చెల్లెలు సుభద్ర భిలాయిలోనే రుఆబాంధా నుంచి ఫోన్ చేసింది.

“అన్నయ్యా, నేను పంపింది చూశావా? తాతగారి పుస్తకం ఫోన్లోకి వచ్చీసింది. పేరు ఎంత పెద్దక్షరాలతో ఉందో!”

ఎవరు పెట్టారని అడిగాను.

“ఎవరైతేనేం? ఉసిరికాయ తొక్కు ఉంది, చింతకాయ ఉంది. చదువుతుంటే నాయనమ్మ వంటింట్లో కూర్చున్నట్టుంది.”

“మన అనుమతి లేకుండా పెట్టారు.”

“ఆఫీసులో ఇచ్చిన ఉద్యోగం ఇంట్లో కూడా చెయ్యాలేటి నువ్వు?”

ఆ రోజే వెబ్‌సైటుకు నోటీసు పంపాను. విధానం ఇది. గ్రంథకర్త లేదా వారసుడు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే, లింకు అందించే సంస్థ ముప్పై ఆరు గంటల్లో దాన్ని ఆపాలి. ఆపాక ఇరవై ఒక్క రోజులు చూస్తారు. ఈలోగా ఫిర్యాదుదారు కోర్టు ఉత్తర్వు తెస్తే సరే, లేకపోతే మళ్ళీ తెరవవచ్చు. గ్రంథకర్త మరణించిన మరుసటి జనవరి ఒకటి నుంచి అరవై ఏళ్ళు హక్కు ఉంటుంది. తాతగారు 1958 జనవరిలో కాలం చేశారని, కనుక హక్కు 2018 ఆఖరు వరకు ఉందని రాసి సంతకం చేశాను. ఆయన నేను పుట్టకముందే పోయారు. నాన్నగారు ఆయన తద్దినం చాలాసార్లు జనవరిలో పెట్టడం చూశాను. నా ఆధారం అదే.

లింకు ఆగింది. అయితే ఆపడానికి ముందు పుటలన్నీ పరిశీలించాను. ప్రతి పుట అడుగునా కుడివైపు చిన్న అంకెలున్నాయి. మా కర్మాగారం స్కానర్లు వేసే విభాగం గుర్తు అది. కంప్యూటరు విభాగానిది. సొంత విషయమని వదిలేస్తే పక్షపాతం అవుతుంది. సిబ్బంది వ్యవహారాలు చూసే పర్సొనెల్ విభాగానికి రెండో ఫిర్యాదు రాశాను.

రెండు రోజుల్లో మనిషెవరో తేలింది. గ్రేస్ కుమారి, టెక్నీషియను. భిలాయి పక్కనే చరోదా రైల్వే కాలనీలో పుట్టి పెరిగింది. తాత ఆవిరి ఇంజన్ల మీద, తండ్రి యార్డులో పనిచేశారు. ఆమె జూనియర్ ఆఫీసరు రాతపరీక్ష గట్టెక్కింది. ఇంటర్వ్యూ ఇంకో పది రోజుల్లో ఉంది. తమ మీద విచారణ ఉన్నవాళ్ళకు క్లియరెన్సు రాదు, క్లియరెన్సు లేనివాళ్ళను ఇంటర్వ్యూకు పిలవరు. మరుసటి పరీక్ష నాటికి ఆమెకు వయసు పరిమితి దాటిపోతుంది. ఇదంతా ఆమె ఫైలు చూశాకే నాకు తెలిసింది. అప్పటికి ఫిర్యాదు నా చేతిలో లేదు.

ఫిర్యాదుదారుణ్ణి నేనే కనుక విచారణ నాకు ఇవ్వకూడదు. సాహు అనే అధికారికి ఇచ్చారు. దుర్గ్ మనిషి, తెలుగు రాదు. నన్ను సాక్షిగా, అనువాదకుడిగా కూర్చోమన్నారు. ఈ రెండు పాత్రలూ ఒకరికే ఇవ్వడం సరికాదని అభ్యంతరం రాసి ఇచ్చి, కూర్చున్నాను.

ఆరోపణలు రెండు. స్కానరును సొంత పనికి వాడటం ఒకటి. ఇతరుల హక్కున్న పుస్తకాన్ని ఇంటర్నెట్‌లో పెట్టి కర్మాగారానికి చెడ్డపేరు తేవడం రెండోది. మొదటిది చిన్నది, రెండోదాన్ని దొంగతనం కింద లెక్కేస్తారు.

గ్రేస్ పుస్తకాన్ని తువ్వాల్లో చుట్టి తెచ్చింది. అట్ట లేదు. మా తాతగారి పుస్తకాన్ని చేత్తో పట్టుకోవడం నాకు అదే మొదటిసారి. సాక్ష్యంగా పరిశీలించి తిరిగి ఇచ్చేశాను.

“దొంగతనం అంటే నాకు బుర్ర తిరిగిపోయింది సార్,” అంది గ్రేస్. “మా అమ్మకి కళ్ళు కనబడటం లేదు. కాలనీలో ఆడవాళ్ళందరూ పట్టుకెళ్ళి పట్టుకెళ్ళి పేజీలు ఊడిపోయాయి. ఫోన్లో అయితే అక్షరం పెద్దది చేసుకోవచ్చని లంచ్ టైములో స్కాన్ చేశాను. అయినా పుస్తకం మీదే రాసుంది కదా, అందరిదీ అని!”

ఎక్కడ రాసుందని సాహు గారు అడిగారు. ఆమె లోపలి పేజీ తిప్పి, వేలుపెట్టి కూడబలుక్కుంటూ చదివింది. “స-ర్వ-స్వా-మ్య సం-క-లి-త-ము. సాహు సర్, సర్వ మానే సబ్. స్వామ్య మానే మాలికానా. సంకలిత్ మానే ఇకఠ్ఠా. సబ్ కా మాలికానా ఇకఠ్ఠా. ఔర్ క్యా?”

సర్వ అంటే అందరూ, స్వామ్యం అంటే యాజమాన్యం, సంకలితం అంటే పోగుచేసినది. అందరి యాజమాన్యమూ పోగుచేసినది. హిందీ బళ్ళో చదివిన మనిషి అలా తప్ప ఇంకోలా చదవలేదు.

“బాత్ తో సహీ హై, రాజాసాబ్,” అన్నారు సాహు గారు. మాట సరిగ్గానే ఉంది కదా అని.

సరిగ్గా లేదని వివరించాను. అది పాత తెలుగు పుస్తకాల్లో వేసే మాట. స్వామ్యాలన్నీ గ్రంథకర్త ఒక్కడి దగ్గరే ఉన్నాయని, ఎవరూ ముట్టుకోవద్దని దాని అర్థం. సాహు గారు కలం పక్కన పెట్టారు. అన్ని హక్కులూ కలిపి ఒక్కరికని మీరంటున్నారు, అందరి హక్కులూ కలిపి అని ఈమె అంటోంది, కలపడం రెండింట్లోనూ ఉంది, మరి ఒక్కరికి అన్న మాట ఇందులో ఎక్కడుందని అడిగారు. అది వాడుక వల్ల వచ్చిన అర్థమన్నాను.

“ఏటి సార్, ఎవులూ తియ్యకండి అని తిన్నగా రాయొచ్చు కదా!” అంది గ్రేస్. “మా అమ్మ తెలుగు బళ్ళో చదివింది. ఆవిడకీ తెలీలేదు. అయినా ఈ పచ్చళ్ళన్నీ మా అమ్మమ్మ పెట్టేది. ఆవిడ ఎవర్ని పర్మిషన్ అడిగింది?”

ఇది మా వృత్తిలో తరచుగా వచ్చే ప్రశ్న. పచ్చడి పెట్టే పద్ధతి మీద ఎవరికీ ఈ హక్కు ఉండదని, దాన్ని వర్ణించిన వాక్యం మీద ఉంటుందని చెప్పాను.

“అయితే వాక్యం మీరు ఉంచుకోండి సార్. పచ్చడి మాకొదిలెయ్యండి.”

ఇది కూడా నమోదు చెయ్యాలా అని సాహు గారు అడిగారు. అక్కర్లేదన్నాను.

చివర్లో ఆయన ఒక మామూలు ప్రశ్న వేశారు. పుస్తకం ఫిబ్రవరి ఆఖరులో పెట్టినట్టు వెబ్‌సైటు చెబుతోంది. ఆ రోజుకు హక్కు బతికి ఉందని తేలాలి. గ్రంథకర్త పోయిన తేదీ రాసి ఇవ్వండి, నెల కాదు, తేదీ. గడువు మూడు రోజులు.

తేదీ నా దగ్గర లేదు. తిథి ఉంది. హేవిళంబి సంవత్సరం, పుష్య శుద్ధ దశమి. మా ఇళ్ళలో చావుకు ఇంగ్లీషు తేదీ ఎవరూ గుర్తుపెట్టుకోరు, తద్దినానికి అది పనికిరాదు. ఆ ఊళ్ళో అప్పట్లో చావులు నమోదు చేసే రిజిస్టరు కూడా లేదు. సుభద్ర ఇంటికి వెళ్ళి ఏమైనా గుర్తుందా అని అడిగాను.

“ఎందుకు లేదు? నాయనమ్మ బతికినన్నాళ్ళూ అదే ఏడుపు కదా! ఒక్క రోజు ఓపిక పడితే ముక్కోటి ఏకాదశి, తిన్నగా వైకుంఠానికి పోయేవారు, ఈ మనిషికి అన్నిటికీ తొందరే అని.”

ఆ ఏడాది ముక్కోటి ఎప్పుడో తెలిస్తే చాలు. దానికి ఆనాటి పంచాంగం కావాలి. అక్కడే కూర్చుని ఫోన్లో వెతికితే, నేను నోటీసు పంపిన వెబ్‌సైటులోనే హేవిళంబి పంచాంగం స్కాను చేసి పెట్టి ఉంది. ఎవరో పుణ్యాత్ముడు పెట్టాడు. దాని మొదటి పేజీలోనూ సర్వస్వామ్య సంకలితము అని ఉంది. దాని హక్కు సంగతి ఆ పూట నేను విచారించలేదు.

ముక్కోటి 1958 జనవరి ఒకటిన వచ్చింది. తాతగారు 1957 డిసెంబరు ముప్పై ఒకటిన పోయారు.

డిసెంబరులో పోతే అరవై ఏళ్ళ లెక్క 1958 జనవరి ఒకటిన మొదలై 2017 ఆఖరుకు ముగుస్తుంది. మరునాడు పోయి ఉంటే ఇంకో ఏడాది ఉండేది. గ్రేస్ పుస్తకం పెట్టేనాటికి రెండు నెలలుగా దాని మీద మాకు ఏ హక్కూ లేదు. ఎస్టేటు పోయిన రోజు మా ఇంట్లో అందరికీ తెలుసు. ఇది పోయిన రోజు ఎవరికీ తెలియలేదు, ఈ విషయంలో కర్మాగారం జీతమిచ్చి పెట్టుకున్న అధికారికి కూడా. మన సంవత్సరాల చక్రం అరవై, చట్టం పెట్టిన గడువు అరవై. హేవిళంబిలో పోయిన మనిషి హక్కు మళ్ళీ హేవిళంబి వచ్చేసరికి పోయింది. ఎవరిది చూసి ఎవరు రాసుకున్నారో నాకు తెలియదు.

సుభద్ర నా మొహం చూసింది. “నాయనమ్మ ఈ ఒక్క రోజు గురించి జన్మంతా ఏడిచింది. ఇప్పుడు నువ్వు మొదలెట్టకు,” అంది.

మరునాడు ఉదయం నాలుగు వాక్యాల ఉత్తరం రాసి సాహు గారి చేతికి నేనే ఇచ్చాను. ఫిర్యాదులో నేను రాసిన నెల తప్పని, సరైన తేదీ ఇదని, ఆ తేదీ ప్రకారం హక్కు ముగిసిందని, కనుక రెండో ఆరోపణ నిలవదని.

ఆయన రెండుసార్లు చదివారు. “ఏక్ దిన్, రాజాసాబ్?”

ఒక్క రోజేనన్నాను.

ఆయన తలుపు దగ్గరగా వేసి, హిందీలో నెమ్మదిగా చెప్పారు. ఈ తేదీకి కాగితం ఏదీ లేదు. మీరు ముందు జనవరి అని సంతకం పెట్టారు, అది ఫైల్లో ఉంది. అదే ఉంచేస్తే కాదనేవాళ్ళు ఎవరూ లేరు. మీ హోదాలో ఉన్నవాళ్ళు సొంత ఫిర్యాదు తప్పని రాసివ్వడం బాగుండదు, మూడు విభాగాలు తిరిగే ఫైలు ఇది.

ఆయన చెప్పింది నిజం. ఫైలు ఎవరెవరి బల్లల మీదకు వెళుతుందో, ఎవరెవరు నవ్వుతారో నాకు పేర్లతో సహా తెలుసు. తాతగారు ఏ రోజున పోయారో ఆ రోజునే పోయారని, ఉత్తరం ఫైల్లో పెట్టమని చెప్పాను. సాహు గారు ముద్ర వేసి తీసుకున్నారు.

రెండో ఆరోపణ కొట్టేశారు. స్కానరు విషయంలో గ్రేస్‌ను మాటతో మందలించి వదిలేశారు. ఇంటర్వ్యూకు ముందురోజు క్లియరెన్సు వెళ్ళింది. ఆమె ఎంపికైంది. వెబ్‌సైటుకు నా నోటీసు ఉపసంహరించుకుంటున్నట్టు రాశాను. హక్కుదారుల పట్ల మీ గౌరవానికి కృతజ్ఞతలు అని యంత్రం జవాబిచ్చింది.

కొత్త ఉద్యోగంలో చేరాక గ్రేస్ ఒకసారి నా గదికి వచ్చింది. కూర్చోమంటే కూర్చుంది, ఇప్పుడు ఆఫీసరు కదా.

“సార్, ఒక డౌటు. ఇప్పుడు సర్వస్వామ్య అంటే అందరిదేనా?”

“తెలుగు ప్రకారం కాదు. ఆ పుస్తకం వరకు, చట్టం ప్రకారం, జనవరి ఒకటి నుంచి అవును.”

“అయితే నేను కరెక్టే.”

“ఫలితం కరెక్టు. అర్థం తప్పు.”

“కంప్యూటర్లో ఫలితమే చూస్తారు సార్,” అని లేచి వెళ్ళింది.

రెండేళ్ళ తరవాత నేను పదవీ విరమణ చేశాను. ఈ ఉదంతం వల్ల నేను నేర్చుకున్నది ఒక్కటి. హక్కు ఉందని రాసే ముందు అది ఎప్పుడు ముగుస్తుందో చూడాలి, తనదైతే రెండుసార్లు చూడాలి. మా విభాగం నోటీసు నమూనాలో అంతవరకు మొదటి గడి ఫిర్యాదుదారు పేరు, హోదా. దాన్ని రెండోదిగా మార్చాను. ఇప్పుడు మొదటి గడి ఇది: గ్రంథకర్త మరణించిన తేదీ, ఇంగ్లీషులో. తిథి చెల్లదు.