పరదాలక్క చెవిన పడ్డ సంగీతం

పరదాలక్క సాధించిన మొదటి విజయం, ఒక సింఫనీ రికార్డును మొదటి నుంచి చివరి దాకా నిద్రపోకుండా వినడం. నవ్వేవాళ్లు నవ్వవచ్చు. కానీ ముందు ఆ కుర్చీలో, మధ్యాహ్నం భోజనం చేసిన కడుపుతో, వంద వాయిద్యాలు కలిసి జోకొడుతుంటే మెలకువగా కూర్చుని చూసి, ఆ తర్వాత నవ్వాలి. మొదటిసారి ఆమె రెండో భాగం మొదలవకుండానే నిద్రలోకి జారుకుంది. రెండోసారి గురక కూడా పెట్టింది. మూడోసారి రికార్డు అయిపోయి, సూది చివరి గాడిలో కరకరలాడుతుంటే ఉలిక్కిపడి లేచి, "ఇదిగో, ఈ ముక్క బాగుంది" అంది. అంత అవమానం జరిగాక ఇంకొకరైతే మళ్లీ ఆ రికార్డుల గది మెట్లెక్కేవారు కాదు. ఆమె ఎక్కింది. ఈసారి సంచిలో ఒక కిటికీ పరదా దాచుకుని మరీ ఎక్కింది. రికార్డు తిరిగినంతసేపూ అంచు కుడుతూ కూర్చుంది. సింఫనీ, అంచు ఒకేసారి పూర్తయ్యాయి.

"ఎలా ఉందక్కా?" అని తమ్ముడు ఊపిరి బిగబట్టి అడిగాడు.

"బాగుందిరా. కాస్త పొడుగైంది. కింద జానెడు కత్తిరిస్తే కిటికీకి సరిపోతుంది."

తమ్ముడు తల పట్టుకున్నాడు. అయినా ఆ రోజు అతను సంతోషంగానే ఇంటికి వెళ్లాడు. అతనికి కావలసింది అక్క మెచ్చుకోవడం కాదు, అక్క ఆ కుర్చీలో కూర్చోవడం.

ఆ వీధి మూలన గ్రంథాలయం ఉంది. దాని మేడ మీద రికార్డుల గది. గోడల నిండా రికార్డులు, మధ్యలో ప్లేయరు, రెండు పెద్ద స్పీకర్లు, వాటి ఎదురుగా ఒకే ఒక్క కుర్చీ. ఆ గదికి కాపలాదారు, సేవకుడు, పూజారి అన్నీ ఈ తమ్ముడే. రికార్డును అట్టలోంచి తీసేటప్పుడు నిద్రపోతున్న పసిబిడ్డను ఎత్తుకున్నట్టు తీస్తాడు. ఆ గదిలో దగ్గు వచ్చినా బయటికి వెళ్లి దగ్గి వస్తాడు. చచ్చిపోయిన సంగీతకారులంతా పక్క గదిలో పడుకుని ఉన్నట్టు గుసగుసగా మాట్లాడతాడు.

ఆ గది పరదాలు కుట్టింది అక్కే. అది ఆమె ఘనకార్యాల్లో ఇంకొకటి. మూడు పొరల గుడ్డ, మధ్యలో కంబళి, కింద అంచులో సీసపు గుళ్లు. తలుపు వేసి పరదా లాగితే లోపలి డోలు బయటికి వినపడదు, బయటి లారీ లోపలికి వినపడదు. గ్రంథాలయానికి రెండిళ్ల అవతల ఆమె కొట్టు. ఆ వీధిలో ఏ కిటికీ చూసినా ఆమె చేతి పనే. ఎవరి ఇంట్లో ఏం దాచుకుంటారో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు, ఆ విషయం ఆమె దాచుకోదు కూడా.

ఇక అసలు సంగతి. అక్క ఇంకా ఆ కుర్చీలో కూర్చోకముందు, చలికాలం మొదట్లో గ్రంథాలయాల అధికారిణి వచ్చింది. కుర్చీ చెయ్యి మీద వేలితో ఒక గీత గీసి, వేలు పైకెత్తి చూపించింది.

"ఇందులో చివరిసారి ఎవరు కూర్చున్నారు?"

"నేనే మేడమ్."

"మీరు లెక్కలోకి రారు. చూడండి, కింద హాల్లో విరిగిన కుర్చీలు దారికి అడ్డంగా పడి ఉన్నాయి. వాటికి ఒక గది కావాలి. మార్చి ఆఖరు దాటితే కొత్త ఏడాది ఖర్చులు మంజూరవుతాయి, అప్పుడు ఏడాది పొడవునా నేను ఈ గదిని కదిలించలేను. అందుకని ఈలోపే తేల్చేస్తాను. జనం వస్తే సరి. రాకపోతే గది కుర్చీలకి, మీరు పన్నుల ఆఫీసుకి."

తమ్ముడి గుండెల్లో రాయి పడింది. పన్నుల ఆఫీసులో ఎవరూ గుసగుసగా మాట్లాడరు. తిన్నగా అక్క కొట్టుకు వచ్చి, గుడ్డ తానుల మీద కూలబడ్డాడు.

"నువ్వు రోజూ వచ్చి కాసేపు కూర్చో అక్కా. వినకపోయినా ఫర్వాలేదు."

"కూర్చోవడం ఎందుకు, వింటాను కూడా. కానీ విన్నాక మాట్లాడతాను. నా నోరు నొక్కితే ఊరుకోను."

"గదిలో మాట్లాడకూడదు."

"కొట్లో మాట్లాడతాలే."

అలా మొదలైంది. మధ్యాహ్నం రికార్డు, సాయంత్రం కొట్లో తీర్పు. కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు అది విని గానీ వెళ్లేవారు కాదు.

జాజ్ విని వచ్చిన రోజున ఆమె ఇలా చెప్పింది: "అయిదుగురు ఒకే ఇంటికి బయలుదేరారు. వీధి చివరికి వచ్చేసరికి తలా ఒక సందులో దూరారు. ఒకడు దారి తప్పాడు, తప్పినా కంగారు పడలేదు, ఈలవేసుకుంటూ తిరిగాడు. నేనేమో వీళ్లు చేరతారా చేరరా అని సూది పట్టుకుని కూర్చున్నాను. ఆఖర్లో అందరూ ఒకేసారి గుమ్మం దగ్గర తేలారు. ముందే మాట్లాడుకుని ఉంటారు దొంగలు."

పాటలతోనే కథ నడిచే ఒపేరా గురించి: "ఆవిడకి క్షయ. మంచం మీద నుంచి లేవలేదట. కానీ ఆ గొంతు చూస్తే గోడలు పగులుతున్నాయి. నాకు ఒంట్లో బాగున్న రోజున కూడా అంత కేక రాదు. ఆవిడ ప్రాణం పోయేలోగా నేను రెండు కిటికీలు కుట్టేశాను."

ఎలక్ట్రిక్ గిటార్ల రాక్ గురించి ఆమె మొదట ముఖం చిట్లించింది. "పిల్లి తోక తొక్కి, తీయకుండా అలాగే నిలబడ్డాడు" అంది. మర్నాడు మళ్లీ అదే పెట్టమంది. "కోపమే గానీ చెడ్డవాడు కాదు తమ్ముడూ. అయిదో పాటలో వాళ్లమ్మ గుర్తొచ్చినట్టుంది, మెత్తబడ్డాడు." మిషన్లతో చేసిన సంగీతం వినిపిస్తే, "నా కుట్టుమిషను ఇంతకంటే జాలిగా మాట్లాడుతుంది" అని తేల్చేసింది. ఆ మర్నాడు మాత్రం ఆమె కొట్లో మిషను తొక్కుతూ అదే తాళం వేస్తోందని పక్క కొట్టువాళ్లు ప్రమాణం చేసి చెబుతారు.

అన్నిటికంటే గొడవ తెచ్చిపెట్టింది బ్లూస్. ఒక గిటారు, ఒక ముసలి గొంతు.

"పెళ్లాం వెళ్లిపోయిందని రికార్డుకి రెండు వైపులా పాడాడు. అటు పాడాడు, ఇటు తిప్పినా అదే పాడాడు. ఎందుకు వెళ్లిందో ఒక్క పాటలో కూడా చెప్పలేదు. ఏదో దాస్తున్నాడు."

అక్క కొట్టుకి ఎదుటి వరసలో రొట్టెల కొట్టాయన ఉన్నాడు. బ్లూస్ పాడిన ఆ ముసలాయన పాటలంటే చెవి కోసుకుంటాడు. ఈ మాట విని పిండి చేతులతోనే వచ్చి ఒంటికాలి మీద లేచాడు.

"ఏమక్కా, ఆయన్నే అంటావా? ఆయన బాధ నీకేం తెలుసు?"

"ఆయన బాధ నాకు తెలుసు. వాళ్లావిడ బాధ ఎవరికి తెలుసు? ఆవిడ పాడిన రికార్డు ఉంటే తీసుకురా, అదీ వింటాను."

"ఏడో పాట సరిగా విన్నావా? అందులో తప్పు తనదేనని ఒప్పుకున్నాడు!"

"నాకు వినపడలేదు."

"పద, వినిపిస్తాను."

అలా ఆ గదికి రెండో మనిషి వచ్చాడు. ఏడో పాటలో ఆయన ఒప్పుకున్నాడా లేదా అనేది తేలకపోవడంతో మూడో మనిషిగా రొట్టెలాయన భార్య వచ్చింది. విని, "ఒప్పుకోలేదు, సన్నాయి నొక్కులు నొక్కాడు. నువ్వూ అంతే" అని మొగుడి వైపు చూసింది. ఆ తర్వాత ఒపేరాను వెనకేసుకొస్తూ పళ్ల డాక్టరు వచ్చాడు. జాజ్ వాళ్లు ముందే మాట్లాడుకున్నారా లేదా అన్న తగవుతో ఇద్దరు బస్సు డ్రైవర్లు వచ్చారు. అక్క చెప్పింది తప్పు అని నిరూపించడానికే వచ్చారు అందరూ. అందులో ఆమె తప్పేమీ లేదు, ఆమె చేసిన మేలే ఉంది.

తమ్ముడికి మాత్రం లోలోపల ఉడుకుతూనే ఉంది. గది నిండుతోంది, సరే. కానీ తాను జీవితమంతా నెత్తిన పెట్టుకున్న మహానుభావుల్ని వీధి వీధంతా కిటికీ గుడ్డల్లా చింపి పోగులు పెడుతోంది. చివరికి ఒక రోజు, ఎవరికీ ఇవ్వకుండా పై అరలో దాచుకున్న రికార్డును కిందికి దించాడు. చెల్లో అనే పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం, ఒక్కటే ఒక్కటి, తోడు ఎవరూ లేరు. వాళ్ల అమ్మ పోయిన ఏడాది అతను ప్రతి సాయంత్రం విన్నది అదే. అక్కకు ఆ సంగతి చెప్పలేదు.

"దీన్ని మాత్రం ఏమీ అనకు అక్కా."

"అనేది ఉంటే అంటాను. లేకపోతే అనను."

అతను కంగారులో చూసుకోకుండా ఏదో మీట నొక్కాడు, సూది దించాడు, పరదా లాగి తలుపు వేసి కిందికి వెళ్లిపోయాడు. అక్క ముఖంలో ఏం కనపడుతుందో చూసే ధైర్యం లేకపోయింది. అక్క కుట్టిన పరదా గొప్పదని ముందే చెప్పాను కదా, మెట్ల మీద కూడా చిన్న చప్పుడు వినపడలేదు.

కాసేపటికి అక్క గంతులేసినంత పని చేస్తూ దిగింది.

"ఒరేయ్! ఇన్నాళ్లూ ఇది దాచుకుని, ఆ క్షయ మనిషిని నా మీదికి తోలావా? ఎంత హుషారురా! బడి గంట కొట్టగానే పిల్లలంతా పరుగెత్తుకొచ్చినట్టుంది. పరదా అంచు ఎప్పుడు అయిందో తెలియలేదు."

"హుషారా?" తమ్ముడి గొంతు ఎప్పుడూ లేనంత పెద్దదైంది. "అది ఏడుపు అక్కా! అది విని ఏడవనివాడు మనిషే కాదు!"

"నేను ఏడవలేదు. నేను మనిషిని కానా?"

గ్రంథాలయంలో పుస్తకాలు చదువుకుంటున్నవాళ్లంతా తలలెత్తారు. సాయంత్రానికి వీధి రెండు ముక్కలైంది. ఏడుపని తమ్ముడి వైపు కొందరు, హుషారని అక్క వైపు కొందరు. ఆ రికార్డు వాళ్లలో ఎవరూ వినలేదు, అది వేరే సంగతి. మర్నాడు అందరూ కలిసి విని తేల్చాలనుకున్నారు.

ఆ మర్నాడే అధికారిణి ఇద్దరు మనుషుల చేత విరిగిన కుర్చీలు మోయించుకుని మేడెక్కింది. మార్చి మొదటి వారం నడుస్తోంది. లోపల గోడకి ఆనుకుని జనం నిలబడి ఉన్నారు. మోసుకొచ్చిన కుర్చీ ఒకటి కింద పెట్టగానే, "అమ్మయ్య" అంటూ పళ్ల డాక్టరు అందులో కూర్చున్నాడు. దానికి ఒక కాలు లేదు. ఆయన తన కాలే ఆనించుకున్నాడు. వచ్చిన కుర్చీ వచ్చినట్టే నిండిపోయింది.

"ఇవి పడెయ్యడానికి తెచ్చినవి!" అంది అధికారిణి.

"కూర్చోండి మేడమ్, ఇది కాస్త గట్టిగానే ఉంది" అని రొట్టెలాయన తన కుర్చీ ఇచ్చాడు.

విషయమేమిటో ఆమెకు పదిమంది ఒకేసారి చెప్పారు. తమ్ముడు నిన్న ఎలా ఉందో అలాగే, ఏ మీటా ముట్టుకోకుండా సూది దించాడు. రెండు క్షణాలు విన్నాడో లేదో, ముఖం పాలిపోయింది. వంగి చూశాడు. నిమిషానికి ముప్పైమూడు చుట్లు తిరగాల్సిన రికార్డు నలభై అయిదు చుట్లు తిరుగుతోంది. ఏడవాల్సిన చెల్లో నిజంగానే బడి వదిలిన పిల్లాడిలా గెంతుతోంది.

గదంతా గొల్లుమంది. అక్క అయితే తమ్ముడి వీపు మీద చరిచి చరిచి నవ్వింది. "నా కొలత ఎప్పుడూ తప్పదురా! నువ్వు ఏ గుడ్డ ఇస్తే ఆ గుడ్డకే కొలత చెప్పాను!"

తమ్ముడు సిగ్గుతో చచ్చిపోతూ వేగం తగ్గించబోయాడు. అధికారిణి చెయ్యి అడ్డం పెట్టింది. ఆమె పెదవి చివర ఏదో కదిలింది.

"ఆగండి. దీన్ని సరైన వేగంలో ముందు ఈవిడ వినాలి. విని ఏమంటుందో నేను తెలుసుకోవాలి. ఆ తర్వాతే ఈ గది సంగతి తేల్చి సంతకం పెడతాను."

పరదాలక్క నవ్వు ఆగింది. దారం తెంపేటప్పుడు చూసినట్టు ఒక కన్ను చిన్నది చేసి చూసింది.

"నేను వినేదాకా గది ముయ్యరా?"

"ముయ్యను."

"మాటేనా?"

"నేను మాట తప్పే మనిషిని కాదు."

"అయితే తమ్ముడూ," అంటూ అక్క సంచి భుజానికి తగిలించుకుంది, "నాకు అర్జెంటు పని ఉంది. పొరుగూళ్లో నాటకాల హాలు వాళ్లు స్టేజీ తెర కుట్టమని ఏడాదిగా ప్రాణం తీస్తున్నారు. పెద్ద పని. ఇవాళే వెళ్లాలి."

"అక్కా, ఒక్క పాటే, అయిదు నిమిషాలు..." అన్నాడు తమ్ముడు. రొట్టెలాయన భార్య అతని కాలు తొక్కింది. అప్పుడు గానీ అతనికి అర్థం కాలేదు. అధికారిణికి అంతకు ముందే అర్థమైంది. ఆమె కిటికీ వైపు తిరిగి పరదా కుట్టును శ్రద్ధగా పరిశీలించింది.

అక్క వెళ్లిన వారానికి ఫోను చేసింది. వెల్వెట్టు ఇంకా రాలేదట. ఇంకో వారానికి వచ్చింది గానీ ఎరుపు తేడాగా ఉందట, వెనక్కి పంపిందట. ఆ తర్వాత హాల్లో వాద్యబృందం సాధన చేస్తోందని, ఎదురుగా కూర్చుని వింటూ కుడుతున్నానని చెప్పింది. "డప్పులాయన్ని వెనక కూర్చోబెట్టారు, పాపం. అడిగి ముందుకి రప్పించాను" అంది. జీవితంలో మొదటిసారి ఎదురుగా మనుషులు వాయిస్తుంటే విన్నది, అక్కడా నిద్రపోలేదు. ఇది ఆమె విజయాల్లో ఎన్నోదో వీధిలో లెక్క వదిలేశారు.

విరిగిన కుర్చీలను వడ్రంగాయన ఒక్కొక్కటే బాగుచేశాడు. వాటిలో కూర్చునేవాళ్లు తగవులాడుకుంటూనే ఉన్నారు. అధికారిణి వారం వారం ఫోను చేసి, "ఆవిడ వచ్చిందా?" అని అడుగుతుంది. లేదంటే, "అయ్యో, అలాగా" అంటుంది. ఆ అయ్యోలో బాధేమీ వినపడదు. పోయినసారి గొంతు తగ్గించి, "నాకు కూడా ఆ హుషారే నచ్చింది. ఎవరికీ చెప్పకండి" అని కూడా అంది.

తమ్ముడు ఆ చెల్లో రికార్డును తుడిచి ప్లేయరు మీద పెట్టి ఉంచాడు. వేగం మీట ముప్పైమూడు దగ్గర ఉంచి, కదలకుండా దాని మీద టేపు అంటించాడు. అక్క విని నవ్వినా సరే, ఏడ్చినా సరే, ఈసారి గదిలోనే నిలబడి చూడాలని అనుకున్నాడు. అమ్మ సంగతి కూడా అప్పుడే చెబుతాడు.

నిన్న మళ్లీ ఫోను వచ్చింది. తెర పూర్తయిందట, కుచ్చులు కుట్టడమొక్కటే మిగిలిందట.

"ఆ కుచ్చులకి ఎన్నాళ్లు పడుతుందక్కా?"

"క్యాలెండర్ చూసే కుడుతున్నానులే. మీ మేడమ్‌కి నా నమస్కారాలు చెప్పు. ఏప్రిల్ ఒకటో తేదీ పొద్దున బస్సుకి వస్తున్నాను."