మగ్గం గుంతలో చేతులు

మా పెదనాన్న లేవి రోగిని ముట్టుకునే ముందు రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకునేవాడు. కర్నూలు బండలు కాలిపోయే ఎండాకాలంలోనూ అంతే. "ఇంత ఎండలో చేతులకు సలి యేమి పెదనాయనా?" అని నేను ఎగతాళి చేస్తే వినపడనట్టు ఉండేవాడు. ఆ అలవాటు వెనకున్న సంగతి చాలా ఏళ్ళకు మా అమ్మతో చెప్పాడు, వంటింటి గడప మీద కూర్చొని, నేనక్కడే ఉన్నానని మరిచిపోయి.

ఆయన పని ఏమిటో ఊళ్ళవాళ్ళకు ఒక పట్టాన అర్థమయ్యేది కాదు. మిషన్ ఆసుపత్రిలో వార్డుబాయిగా చేరి, పడిపోయిన కాళ్ళూ చేతులూ మళ్ళీ కదిలించే విద్య అక్కడి దొరసాని దగ్గర నేర్చుకున్నాడు. ఆసుపత్రిలో నాలుగడుగులు వేసినవాళ్ళు ఇంటికి పోగానే మళ్ళీ మంచం పట్టేవారు. ఇంటివాళ్ళు ప్రేమకొద్దీ లేవనిచ్చేవాళ్ళు కాదు. అది చూసి ఆయనకు ఒళ్ళు మండేది. చివరికి దొరసానిని ఒప్పించి, నూనె సీసా, గుడ్డ పట్టీలు, చెక్కబద్దలు సంచిలో వేసుకొని ఆ రోగుల వెంట ఊళ్ళు పట్టుకు తిరగసాగాడు. పత్తికొండ, బద్వేలు, రాయచోటి, బస్సు పోయే చోటికి బస్సు, పోనిచోటికి నడక.

జనం ఆయనకు మాలీసు లేవి అని పేరు పెట్టారు. "మాలీసు గాదప్పా, కసరత్తు. చేసేది నువ్వు, నేను పట్టుకుంటానంతే" అని ప్రతి ఊళ్ళోనూ తగువు పడేవాడు. కాలు పట్టించుకొని, ఆయన వీధి మలుపు తిరగ్గానే తలకు నీళ్ళు పోసుకున్న పెద్దమనుషులూ ఉన్నారు. నాకు ఇప్పటికీ వాళ్ళ మీద కోపమే. ఆయన మాత్రం మళ్ళీ వారం అదే ఇంటికి పోయేవాడు.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు, కోడుమూరులో ఉరుకుందప్ప అనే నేతగానికి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. చెయ్యి తొందరగానే కోలుకుంది. కాలు మాత్రం కట్టెలా ఉండిపోయింది. మగ్గం గుంతలో కాళ్ళు దించి కింది కర్రలు తొక్కితేనే నేత, నేస్తేనే కూడు. "మల్లక్క నాకు కూడు పెడతాంటే ముద్ద దిగదన్నా. ఆడదాని కూలి మీద యెన్నాళ్ళు బతకాల?" అని పెదనాన్న ముందు ఏడ్చాడు. మల్లక్క అతని భార్య.

పెదనాన్నకు ఒక ఆలోచన తట్టింది. మంచం మీద కసరత్తు మాన్పించి, ఉరుకుందప్పను మగ్గం ముందే కూర్చోబెట్టాడు. తాను గుంతలోకి దిగి, ఒక మూల ముడుచుకొని, ఆ పడిపోయిన పాదాన్ని రెండు చేతులా పట్టి కర్ర తొక్కించాడు. బేస్తవారం బేస్తవారం ఆయన వచ్చేవాడు. మిగతా రోజుల్లో ఎవరు దిగాలి? ఉరుకుందప్ప తల్లి హంపమ్మ దిగింది. పొద్దస్తమానం పడుగు నూలుకు గంజి పెట్టే మనిషి, ఆమె చేతులు ఎప్పుడూ తడిగా, చల్లగా ఉండేవి. "అవ్వా, నువ్వే తొక్కిస్తే వాడెప్పుడు తొక్కుతాడు? పట్టు వదులు" అని పెదనాన్న కసిరితే, "నా బిడ్డ కాలు, నా ఇష్టం" అనేది.

పాదంలో కాస్త ప్రాణం వస్తోందనగా హంపమ్మ పోయింది. పోయింది సరే, ధనిష్ఠలో పోయింది. ఆ నక్షత్రంలో చావు జరిగితే ఇల్లు పాడుపెట్టాలి. అయ్యవారు పంచాంగం చూసి ఆరు నెలలన్నాడు. మగ్గం మీద సగం నేసిన చీర అట్లాగే ఉండగా తాళం వేసి, వాకిలికి కంప కొట్టి, వాళ్ళు వీధి చివర కొట్టంలోకి మారారు. చావు మైల పడినవాణ్ణి తమ మగ్గం మీద ఎవరు కూర్చోనిస్తారు? కాలు మళ్ళీ బిగుసుకోసాగింది. ఆరు నెలలు ఆగితే అది ఇక ఎప్పటికీ వంగదని పెదనాన్నకు తెలుసు.

"నేను ఆ ఇంట్లోకి పోతా. నాకు ధనిష్ఠా లేదు, పంచకమూ లేదు. నువ్వొస్తావా?" అని అడిగాడు.

ఉరుకుందప్ప వాకిలి వైపు ఒకసారి చూశాడు. "మల్లక్కకు తెలీకుండా అయితే వస్తా" అన్నాడు.

బేస్తవారం మిట్టమధ్యాహ్నం వీధి సద్దుమణిగాక పెదనాన్న ముందుగా పెరటి వాకిలి గుండా పోయి, చీకట్లో గుంతలోకి దిగి కూర్చునేవాడు. తర్వాత ఉరుకుందప్ప గోడ పట్టుకొని తనంతట తాను వచ్చి మగ్గం ముందు కూలబడి కాళ్ళు దించేవాడు. గొంతులు బయటికి వినబడతాయని ఇద్దరూ నోరు మెదిపేవాళ్ళు కాదు. ఆయన చేతులు పాదాన్ని పట్టుకునేవి, మగ్గం టక్కుమనేది. ఉరుకుందప్ప వెళ్ళిపోయాకే ఆయన గుంతలోంచి లేచేవాడు.

మగ్గం చప్పుడు గొంతుల మాదిరి అణగదు. హంపమ్మ తిరిగొచ్చి నేస్తోందని వీధంతా గుప్పుమంది. మల్లక్క బేస్తవారం బేస్తవారం కంప దగ్గర ఒక ముద్ద అన్నం పెట్టసాగింది. ఇది విని పెదనాన్న మొదట నవ్వుకున్నాడు, భయం ఉంటే ఎవరూ లోపలికి తొంగి చూడరని.

ఒక బేస్తవారం జడివాన పట్టింది. హంద్రీ పొంగి బస్సు నిలిపేశారు. పెదనాన్న కర్నూలు దాటలేదు. మరుసటి వారం ఆ మాట చెప్పుకుందామని నేరుగా కొట్టానికే పోయాడు. ఉరుకుందప్ప ముఖం వెలిగిపోతోంది. మజ్జిగ తెమ్మని మల్లక్కను పంపించి, గొంతు తగ్గించాడు.

"పోయిన వారం సగంలో నువ్వు పట్టు వదిలేస్తివి గదన్నా. నాకు తెలిసింది. వదిలేసినాక కూడా కాలు దానంతట అదే తొక్కె. శానాసేపు తొక్కె." కాస్త ఆగి, "అయితే నీ చేతులేందన్నా, అంత సల్లగా ఉండె? జరమా?" అన్నాడు.

నేను రాలేదప్పా అనే మాట పెదనాన్న నోటి చివరిదాకా వచ్చింది. అంటే ఏమవుతుందో ఆయనకు తెలుసు. ఆ మనిషి జన్మలో ఆ గుంతలో కాలు పెట్టడు. అబద్ధమాడితే ప్రతి ఆదివారం మిషన్ గుడిలో మోకరించే మనిషి తాను. అన్నింటికన్నా ముఖ్యం, ఇంకాసేపట్లో తాను ఆ గుంతలోకి దిగాలి.

"వానలో నాని వచ్చినా గదప్పా, అందుకే" అన్నాడు. "నేను ముందు పోతా. మెల్లగా రా."

పెరటి వాకిలి తోసి లోపలికి పోయాడు. మగ్గం మీద చీర జానెడు పెరిగింది. గుంత గట్టున నిలబడి, తనవి వెచ్చగానే ఉన్నాయని తెలుసుకోవడానికి రెండు చేతులూ గట్టిగా రుద్దుకున్నాడు. అదే మొదలు, ఆ అలవాటుకు.

తిమ్మిరి దిగుతున్న కాలికి లేనిపోని చలి తెలుస్తుందని దొరసాని ఒకసారి చెప్పిందట. అదే అయివుంటుందని నేనూ అనుకుంటాను, పగటిపూట. ఆరు నెలలు నిండాక ఆ ఇంటికి శాంతి చేయించారు. ఉరుకుందప్ప మళ్ళీ నేతగాడయ్యాడు, ఆ చీర పూర్తిచేసి మల్లక్కకే పెట్టాడు. నిజం మాత్రం పెదనాన్న అతనికి చివరిదాకా చెప్పలేదు.

అంతా విని మా అమ్మ ఒక్కటే అడిగింది, ఆ రోజు గుంతలోకి ఎట్లా దిగినావు బావా అని.

"నేనెప్పుడూ కూచునే మూల ఆయమ్మకు వదిలిపెట్టి, ఎదురు మూలకు ఒదిగి కూచున్నానమ్మా" అన్నాడు పెదనాన్న. "ఆయమ్మ బిడ్డ గదా."